మార్కులొచ్చాయి, ఆవిరి రాలేదు

మొన్న ఆదివారం మా డాబా మీద చిన్న రైలింజను ఆవిరితో నడిచింది. జానెడున్నర పొడవుంటుందేమో, నేనే చేసుకున్నాను. వీడియో పెట్టగానే ఒకరు "ఎంతయింది బ్రో?" అన్నారు, ఇంకొకరు "దీనివల్ల ఉపయోగమేంటి?" అన్నారు. మొదటి ప్రశ్నకి ఇక్కడ జవాబు చెప్పను, ఈ పోస్టు మా ఆవిడ కూడా చదువుతుంది. రెండోదానికి మాత్రం చెప్తా, కాస్త ఒళ్లు మండే చెప్తా.

నేను మెకానికల్. నాలుగేళ్లు స్టీమ్ టేబుల్స్ (ఆవిరి లెక్కల పట్టికలు) తిరగేసి, మోలియర్ చార్ట్ అనే ఆవిరి గ్రాఫు మీద స్కేలు పెట్టి గీతలు గీసి, వేడి ఇంజన్ల సబ్జెక్టు థర్మల్‌లో నూటికి 92 తెచ్చుకున్నవాణ్ణి. మా కాలేజీ ల్యాబులో ఒక బాయిలర్ ఉండేది. దాన్ని వెలిగించగా నేను చూడలేదు. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే రంగు మాత్రం వేసేవాళ్లు. రికార్డులో రీడింగులా? సీనియర్ల రికార్డు చూసి దించాం. వాళ్లు వాళ్ల సీనియర్లది చూసి దించారు. అసలు మొదట కొలిచిన మహానుభావుడెవరో!

ఈ ఇంజను బాయిలర్ అంటే రెండంగుళాల రాగి గొట్టం, దాని కడుపులోంచి మంట పోయే ఇంకో సన్న గొట్టం. అతుకులన్నీ వెండి టంకంతో వెయ్యాలి, అది 600 డిగ్రీలు దాటితేగానీ కరగదు. రేడియోలకి వాడే సీసం టంకం చాలదా అనుకున్నా. ఇంజను నడిచే ఒత్తిడి 40 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని కొలత). దాని దగ్గర ఆవిరి దాదాపు 142 డిగ్రీలుంటుంది, ఆ టంకం 183కే కరుగుతుంది. నీళ్లున్నంతసేపూ పరవాలేదు. నీళ్లు అయిపోయాయా, లోపలి గొట్టం అతుకు ఊడి చేతికొస్తుంది. అందుకే గ్యాస్ ట్యాంకు కూడా చిన్నదే పెడతారు, నీళ్లకంటే ముందు గ్యాసే అయిపోవాలని. ఈ ఒక్క ముక్క ఏ సెమిస్టర్లోనూ ఎవరూ చెప్పలేదు.

మంట పెట్టేముందు బాయిలర్ని గాలి బుడగ లేకుండా నీళ్లతో నింపి, పంపుతో 80 దాకా, అంటే నడిపే ఒత్తిడికి రెట్టింపు ఎక్కించాలి. నీళ్లు నొక్కితే నొక్కుకోవు కాబట్టి ఎక్కడైనా లీకైనా పేలదు, ఒత్తిడి మీటరు ముల్లు ఠపీమని పడిపోతుందంతే. నాది మొదటిసారి 50కే ఒక మూల చెమర్చింది. మళ్లీ టార్చి మంటతో టంకం, మళ్లీ నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి తోమడం.

తర్వాత ఆవిరి బదులు గాలితో ఇంజను తిప్పి చూసే పరీక్ష. దానికి మా వీధి చివర పంక్చర్ల షాపుకి వెళ్లా. "బొమ్మక్కూడా గాలేనా సార్?" అని నవ్వాడు. చక్రాలు తిరిగాయి, నేను పొంగిపోయా. అతను మాత్రం చిమ్నీ దగ్గర చెవి పెట్టి, "మూడు కొడుతోంది, నాలుగోది మింగేస్తోంది సార్" అన్నాడు. రెండు సిలిండర్ల ఇంజను చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగుసార్లు ఊదాలి. ఎక్సెంట్రిక్ (ఇరుసు మీద ఉండి వాల్వుని కదిపే బిళ్ల) ఒకటి జారింది. 92 మార్కుల చెవికి అది వినబడలేదు.

ఇక మంట. పోసింది బ్యూటేన్. (వంటింటి సిలిండర్ గ్యాసులో ప్రొపేన్ కూడా కలుస్తుంది, దాని ఒత్తిడి చాలా ఎక్కువ. ఆ ప్రయోగం చెయ్యకండి బాబూ.) చలిదేశాల వాళ్లు గ్యాస్ రావడం లేదని ట్యాంకుని గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెడతారు. మన డాబా మీద పదకొండు గంటల ఎండలో కథ అడ్డం తిరిగింది. గ్యాస్ ఎక్కువై, గాలి చాలక, మంట గొట్టంలో కాకుండా చిమ్నీ కింద పెట్టెలో కాపురం పెట్టింది. కొత్త రంగంతా పొక్కిపోయింది. తర్వాత ట్యాంకుకి తడిగుడ్డ చుట్టి పొద్దున్నే వెలిగిస్తే ఒళ్లు దగ్గర పెట్టుకుని మండింది.

సేఫ్టీ వాల్వు లేచింది. వాల్వు మూతికీ తెల్లటి పొగకీ మధ్య అరంగుళం ఖాళీ. అక్కడేమీ లేదు కదా అని వేలు పెట్టా. అబ్బా! అసలైన ఆవిరి కంటికి కనబడదు, తెల్లగా కనబడేది చల్లబడిన నీటి తుంపర. డ్రైనెస్ ఫ్రాక్షన్ (తడి ఆవిరిలో అసలు ఆవిరి ఎంతో చెప్పే అంకె) మీద ఎన్ని లెక్కలు చేశానో! ఒక్కటీ వేలిని కాపాడలేదు.

1804లో బ్రిటన్‌లోని వేల్స్‌లో ట్రెవితిక్ అనే ఇంజనీరు చేసిన ఆవిరి రైలింజను పది టన్నుల ఇనుము లాక్కెళ్లింది. వేడి ఇంజన్ల లెక్క మొదట తేల్చిన ఫ్రెంచి ఇంజనీరు కార్నో తన సిద్ధాంతం అచ్చువేసింది 1824లో. ఇంజను నడిచిన ఇరవై ఏళ్లకి లెక్క వచ్చింది. మనం పిల్లలకి లెక్క ముందు చెప్తాం, ఇంజను ఎప్పటికీ చూపించం. పైగా "స్టీమ్ పాతబడిపోయింది" అంటారు. కరెంటు బిల్లు కట్టేటప్పుడు ఆ బొగ్గు ప్లాంటులో టర్బైన్ని తిప్పేదేంటో అడగండి ఒకసారి.

వచ్చే ఆదివారం ఆరింటికి మళ్లీ వెలిగిస్తున్నా. మెకానికల్ చదివే పిల్లలుంటే పంపండి. తెల్ల చొక్కా మాత్రం వద్దు, మొదటి రెండు చుట్లూ చిమ్నీ నీళ్లూ నూనే కలిపి ఉమ్ముతుంది.