సర్దుడు

(2021 మార్చి మొదటి వారం. భర్త లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.)

భార్య: ఏమండీ, నా ఫోటోలు ఒక్కటీ తెరుచుకోవడం లేదు. మళ్ళీ ఏం చేశారు?

భర్త: నేనేం చేశాను! కెర్నెల్, అదే కంప్యూటర్‌ని నడిపే అసలు ప్రోగ్రామ్, మార్చానంతే. లినక్స్ 5.12, ఆర్‌సీ1.

భార్య: ఆర్‌సీ ఏమిటి?

భర్త: రిలీజ్ క్యాండిడేట్. అసలుది రాకముందు పరీక్షకి వదిలేది.

భార్య: పరీక్ష వాళ్ళది, ఫెయిలయింది నా ఫోటోలా?

భర్త: అది కాదే. ర్యామ్ నిండితే కెర్నెల్ కొంత సరుకు తీసి డిస్కులో స్వాప్ ఫైల్లో పెడుతుంది. ఆ ఫైలు పార్టిషన్‌లో, అంటే డిస్కులో విడగొట్టిన భాగంలో, ఎక్కడ మొదలవుతుందో లెక్క చూసుకుని రాయాలి. ఇందులో ఆ లెక్క ఎగిరిపోయింది. దాంతో పార్టిషన్ మొదట్నుంచే రాసుకుంటూ పోయింది.

భార్య: మొదట్లో ఏముంటుంది?

భర్త: ఫైల్ సిస్టమ్ చిట్టాపద్దులు. ఏ ఫైలు ఎక్కడుందో అందులోనే ఉంటుంది.

భార్య: శుభం! లెక్క ఎందుకు ఎగిరిందట?

భర్త: (గొంతు తగ్గించి) కోడ్ శుభ్రం చేశారట.

భార్య: ఏమిటీ? వినపడలేదు.

భర్త: సర్దారే, సర్దారు!

భార్య: నేను మీ బల్ల సర్దితే మాత్రం ఇల్లెగిరిపోయేలా అరుస్తారు!

భర్త: వాళ్ళకి తెలియలేదు పాపం. స్వాప్‌కి విడిగా పార్టిషన్ ఉంటే మొదలు సున్నానే, ఆ లెక్క కలపకపోయినా తేడా రాదు. నాలా ఫైలు పెట్టుకున్నవాళ్ళే మునిగారు. మూడో తేదీన లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్సే వాడొద్దని చెప్పి, వెర్షన్ పేరు చివర 'డోంట్‌యూజ్' అని తగిలించాడు.

భార్య: మీరెప్పుడు ఎక్కించారు?

భర్త: ఒకటో తేదీన.

భార్య: పెళ్ళికి ముందు మీ పేరు చివర కూడా ఎవరైనా తగిలించాల్సింది.

భర్త: ఎగతాళి ఆపు. ఫైల్ సిస్టమ్‌ని బాగుచేసే ప్రోగ్రామ్, ఎఫ్ఎస్‌సీకే నడిపాను.

భార్య: బాగుపడిందా?

భర్త: తెగినవి అతికిస్తుంది గానీ, చెరిపి రాసేసినదాన్ని అదెక్కణ్ణించి తెస్తుంది? లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్ నిండా పేర్లు పోయి నంబర్లు మిగిలిన ఫైళ్ళు. అయినా నీకెందుకు టెన్షన్? బ్యాకప్ ఉందిగా. బల్ల కింది అరలో నల్ల డిస్కు ఉంటుంది, పట్రా.

(భార్య కదలదు.)

భర్త: ఏమైంది?

భార్య: నిన్న ఆ అర సర్దానండీ.

భర్త: సర్దావా! డిస్కు ఎక్కడ పెట్టావ్?

భార్య: భద్రంగానే పెట్టాను. ఎక్కడన్న లెక్కే ఎగిరిపోయింది.