చెయ్యి రంగే మొహానికి

మా సంఘం ఉగాది సంబరాలకీ, తెలిసినవాళ్ల పెళ్లిళ్లకీ సరదాగా ఫొటోలు తీస్తుంటాను. పంపిన గంటలోపు వచ్చే మొదటి మెసేజ్ ఎప్పుడూ ఒకటే: "అన్నయ్యా, కొంచెం బ్రైట్ చేస్తారా?" బ్రైట్ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

ఆమధ్య ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం ఫొటో తీశాను. పెళ్లికొడుకు నెత్తిమీద పెళ్లికూతురి చెయ్యి. మేకప్ వేసిన మొహం ఒక రంగు, మెడ ఇంకో రంగు, ముంజేయి అసలు రంగు. ఎర్రచీర వెలుగు గడ్డం కింద పడింది. డెకరేషన్ వాళ్ల ఊదా లైటు ఒక చెంప మీద. పొద్దున రాసిన పసుపు చెవి వెనక ఇంకా అలాగే ఉంది. మండపంలో ఇవేవీ మన కంటికి ఆనవు. కన్ను సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. కాబట్టి సరిచేయాల్సిందే. గొడవల్లా ఎటువైపు సరిచేయాలన్న దగ్గరే.

ఫొటోలు సరిచేసే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఆరెంజ్ ల్యూమినెన్స్ అని ఒక స్లైడర్ ఉంది, ఆరెంజ్ రంగు వెలుగుని పెంచి తగ్గించేది. మన ఒంటి రంగు చాలావరకు ఆరెంజ్ కిందకే వస్తుంది. దాన్ని కుడికి లాగితే మొహం, మెడ, చేతులు ఒక్కసారే తెల్లబడతాయి. రెండు సెకన్ల పని. దాంతోపాటు బంతిపూలు, మెడలో కాసులపేరు కూడా పాలిపోతాయి, అది వేరే సంగతి. నేను దీనికి తిరగేసి చేస్తాను. గోరింటాకు లేనిచోట ముంజేతిని కొలతగా పెట్టుకుని, మొహం వరకే మాస్క్ గీసి, అంటే మార్పు మొహం దాటకుండా హద్దు పెట్టి, వెలుగు తగ్గిస్తూ చేతి రంగు దగ్గరకి తెస్తాను. ఒక్కో ఫొటోకి అరగంట పడుతుంది.

ఆ ఫొటో చూసి పెళ్లికూతురి తల్లి ఫోన్ చేశారు. "మేకప్‌కి అంత పోశాం, మళ్లీ నల్లగా చేశావేంటి తమ్ముడూ?"

"నల్లగా చెయ్యలేదక్కా, పిల్ల రంగే అది."

ఆవిడకి నచ్చలేదు. తప్పంతా ఆవిడదే అనను. ఒకప్పుడు కొడక్ కంపెనీ ఫొటో ల్యాబులకి షెర్లీ కార్డులని పంపేది. వాటి మీద ఉండేది ఒక తెల్లమ్మాయి. ఆమె రంగు సరిగ్గా వస్తే ప్రింటింగ్ మెషీన్ సరిగ్గా ఉన్నట్టే లెక్క. ఆ లెక్కలో మనలాంటివాళ్ల మొహాలు కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనిపించకుండా వచ్చేవి. ఆ ఫొటోలు చూసి పెరిగినవాళ్లు బ్రైట్ చెయ్యమనడంలో వింత లేదు. కానీ ఇప్పటి కెమెరాలకి ఆ సాకు లేదు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసింది. మన సంఘం ఉగాది సంచికలో డాన్స్ పిల్లల ఫొటోలకి మనం మాత్రం ఇంకా ఆ స్లైడర్ లాగుతూనే ఉన్నాం. ఈసారి నుంచి అది మానేద్దామని కమిటీకి నా మనవి.

మొటిమ ఉంటే చెప్పండి, తీసేస్తాను. అది వారంలో పోయేదే. మంగుమచ్చల సంగతి ఫొటోలో ఉన్న మనిషే చెప్పాలి, వాళ్ల అత్తగారు కాదు. పుట్టుమచ్చ మాత్రం ముట్టుకోను. పదో తరగతి సర్టిఫికెట్‌లో రాసుంది.