గొడవపడ్డారు కాబట్టి మోసమేనా? క్రయోనిక్స్ మెసేజ్‌కి నా జవాబు

నెల రోజులుగా ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నాతో నడిచేవాళ్లు ముగ్గురు ఒకే మెసేజ్ పంపారు. సారాంశం ఇది: చనిపోయినవాళ్లను ఎప్పటికో బతికిస్తామని గడ్డకట్టించి దాచే క్రయోనిక్స్ వాళ్లు తమలో తామే కొట్టుకుంటున్నారు. ఒకరు తల చాలంటారు, ఒకరు ఒళ్లంతా ఉండాలంటారు. రష్యాలో మాజీ భార్యాభర్తలు శవాల కోసం తగువులాడుకున్నారు. కరెంటు పోతే అన్నీ కుళ్లిపోతాయి. వాల్ట్ డిస్నీ దేహమూ అలాగే దాచారు. కాబట్టి అంతా మోసం, సైన్స్ పేరు చెబితే దేహం అప్పగించేవాళ్లంతా వెర్రివాళ్లు.

నేను స్టీల్ ప్లాంటులో ఆక్సిజన్ ప్లాంటు వైపు పనిచేసి రిటైరయ్యాను. క్రయోనిక్స్‌లో నేను చేరను, ఎవరినీ చేరమనను. అయినా ఈ మెసేజ్‌ను ఇలా వదిలేయలేను.

ముందు కరెంటు సంగతి. దేహాలుండేది మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో. ఆ డబ్బా రెండు స్టీలు గోడల మధ్య శూన్యం ఉన్న పెద్ద థర్మాస్ ఫ్లాస్కు లాంటిది. చల్లదనం నైట్రోజన్‌దే, కరెంటుది కాదు. చోడవరం వైపు ఊళ్లలో గోపాలమిత్రలు పశువులను చూలు కట్టించే సూదికి వీర్యం దాచే క్యాను చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కాకపోతే నైట్రోజన్ ఆవిరవుతూ ఉంటుంది, నింపుతూనే ఉండాలి. నింపడానికి డబ్బు కావాలి, బాధ్యతగల మనిషి కావాలి.

క్రయోనిక్స్‌లో అసలు ఘోరం జరిగింది అక్కడే. కాలిఫోర్నియా క్రయోనిక్స్ సంఘం అధ్యక్షుడు రాబర్ట్ నెల్సన్ చాట్స్‌వర్త్ శ్మశానంలో నేలమాళిగలో దేహాలు పెట్టాడు. డబ్బు ఆగింది, నైట్రోజన్ ఆగింది. 1979లో సంగతి బయటపడేసరికి తొమ్మిది దేహాలు పాడైపోయాయి. బంధువులు కోర్టుకెక్కి గెలిచారు. దీన్ని నేను ఏ మాత్రం సమర్థించను. కానీ అదే సంఘం 1967 జనవరి 12న గడ్డకట్టించిన జేమ్స్ బెడ్‌ఫోర్డ్ దేహాన్ని కుటుంబం మొదట్లోనే వేరే చోటికి మార్చింది. 1991లో పాత డబ్బా తెరిచి చూస్తే అది గడ్డకట్టే ఉంది. ఇప్పుడది అరిజోనాలోని ఆల్కోర్ అనే క్రయోనిక్స్ సంస్థలో ఉంది. తేడా సిద్ధాంతంలో లేదు, పోషణలో ఉంది. ఇవాళ ఆల్కోర్, మిషిగన్‌లోని క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ డబ్బు ముందే, ఎక్కువగా జీవిత బీమా రూపంలో, ఏర్పాటు చేయించుకుంటాయి.

ఇక తలా, ఒళ్లా అన్న తగువు. ఆల్కోర్ రెండూ చేస్తుంది. రాబర్ట్ ఎట్టింజర్ 1976లో పెట్టిన క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఒళ్లంతా మాత్రమే దాచుతుంది. జ్ఞాపకం, స్వభావం మెదడులోనే ఉన్నాయి కదా అని ఒక పక్షం, తల వేరుచేయడం కుటుంబాలకు మింగుడుపడదని ఇంకో పక్షం. ఇందులో దాపరికం ఏముంది?

నన్ను ఆలోచింపజేసింది ఇంకో తగువు, మెసేజ్‌లో దాని ఊసే లేదు. 2016లో కుందేలు మెదడుతో, 2018లో పంది మెదడుతో ఒక ప్రయోగశాల, మెదడును చెడకుండా దాచే పద్ధతులకు బ్రెయిన్ ప్రిజర్వేషన్ ఫౌండేషన్ ఇచ్చే బహుమతులు గెలిచింది. ముందు గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనం ఎక్కించి మెదడు అల్లికను బిగించేశారు, తర్వాత చల్లబరిచారు. నరాల కలయికలు సూక్ష్మదర్శినిలో చక్కగా కనిపించాయి. కానీ ఆ మందు పడ్డ కణం మళ్లీ బతకదు. లోపలి సమాచారం మిగిలితే చాలని కొందరు, ఆ మెదడే తిరిగి పనిచేయకపోతే ఇంత శ్రమ దేనికని కొందరు. వాళ్లు వాదించుకుంటున్నది మనిషంటే ఏమిటన్న దాని మీద. మన పెద్దాసుపత్రిలో ఒకే రోగికి ఒక డాక్టరు ఆపరేషన్ అని, ఇంకొకరు మందులు చాలని అంటే ఇద్దరినీ మోసగాళ్లంటామా?

రష్యా సంగతి నిజమే. 2021లో క్రియోరస్ సంస్థను నడిపిన మాజీ దంపతుల గొడవలో దేహాలున్న డబ్బాలు తరలించబోతే పోలీసులు అడ్డుపడ్డారు. అది ఆస్తి తగువు, సిగ్గుపడాల్సిన తగువు. డిస్నీ కథ మాత్రం పచ్చి అబద్ధం. ఆయన 1966 డిసెంబరు 15న పోయారు, రెండు రోజులకే దహనం చేశారు.

క్రయోనిక్స్‌ను కాదనడానికి గట్టి కారణం వేరే ఉంది. ఇప్పటిదాకా గడ్డకట్టించి దాచిన ఒక్క మనిషినీ బతికించలేదు. 2023లో మిన్నెసోటాలో ఎలుక మూత్రపిండాన్ని అలా దాచి, వెచ్చబరిచి, మరో ఎలుకకు అమర్చితే పనిచేసింది. అక్కడి నుంచి మనిషి మెదడు దాకా చాలా దూరం. వద్దనేవాళ్లు ఆ దూరం చూపించి వద్దంటే నేనూ చేయి కలుపుతాను.

దేహం అప్పగించేవాళ్లంతా వెర్రివాళ్లన్న మెసేజ్ చివరి మాటే నాకు కోపం తెప్పించింది. మా నాన్నగారి దేహాన్ని ఆంధ్రా మెడికల్ కాలేజీకి ఇచ్చాం. ఆ దేహం మీద పిల్లలు శరీర నిర్మాణం నేర్చుకున్నారు. అక్కడ బతికిస్తామన్న మాట ఎవరూ అనలేదు, మేమూ డబ్బు కట్టలేదు. దాన్నీ దీన్నీ ఒక గాటన ఎలా కడతారు? మా వీధిలో ఒక టీచరమ్మ ఈ మెసేజ్ చూసి, తన దేహదాన పత్రం వెనక్కి తీసుకుంటానన్నారట. ఈ సాయంత్రం వాళ్లింటికి వెళ్తున్నాను.