పండుగ పూట చెడిన వంట కథను ఎవరు చెప్పాలి?

కుటుంబాలన్నీ ఒకచోట చేరిన పండుగ భోజనాల్లో, తినడం సగమయ్యేసరికి ఎవరో ఒకరు పాత వంటల ప్రస్తావన తెస్తారు. చక్కెర అనుకొని ఉప్పు కలిపిన తీపి వంటకం, గరిటె దిగనంతగా ముద్దకట్టిన అన్నం, పైన నల్లగా మాడి లోపల పిండిగానే మిగిలిన కేకు వరుసగా బయటికి వస్తాయి, విన్నవారు కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుతారు. ఆ నవ్వంటే నాకు ఎంతో ఇష్టం. ఏడాదికోసారి కలిసే బంధువుల మధ్య పెరిగిన దూరాన్ని అంత త్వరగా చెరిపేసేది మరొకటి లేదని నేను నమ్ముతాను. అయితే ఆ కథ చెబుతున్నది ఎవరు, చెబుతున్నప్పుడు దాన్ని వండిన మనిషి ఎక్కడ ఉన్నారు అన్న సంగతి మాత్రం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ఎక్కువ ఇళ్లలో కథ చెప్పేది ఆ రోజు వంటింటి గడప తొక్కనివారు. వండినవారు అప్పటికింకా కూర్చోనైనా కూర్చోకుండా వడ్డిస్తూనే ఉంటారు.

పండుగ వంట చెడిపోతే వండినవారి చేతగానితనం వల్ల అని అనుకోవడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. నలుగురికి సరిపోయే పొయ్యితో, నలుగురికి సరిపోయే గిన్నెలతో, రెండే రెండు చేతులతో ముప్పైమందికి ఒకే సమయానికి వేడివేడిగా భోజనం పెట్టమని అడుగుతున్నాం. అడిగినది జరిగినప్పుడు అది మామూలు విషయంగా కనిపిస్తుంది, ఒక్క గిన్నె మాడినప్పుడు మాత్రం అది పదేళ్లు చెప్పుకునే కథ అవుతుంది. అందువల్ల ఆ కథను మొదట చెప్పే హక్కు వండినవారిదే కావాలని నేను వాదిస్తాను. అలా ఎందుకు అంటున్నానో వివరించాలంటే, వంట ఎలా చెడుతుందో కొంచెం లోతుగా చూడాలి.

అన్నంతోనే మొదలుపెడతాను. రోజూ గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోసి పువ్వులాంటి అన్నం వండే మనిషి, పండుగనాడు అదే లెక్కన పదిహేను గ్లాసుల బియ్యానికి ముప్పై గ్లాసుల నీళ్లు పోస్తే అన్నం మెత్తబడి ముద్దయిపోతుంది. లెక్క తప్పలేదు, గుణకారం తప్పలేదు, అయినా అన్నం చెడింది. బియ్యపు గింజ తనలోకి పీల్చుకునే నీరు చాలా రకాలకు ఇంచుమించు కొలతకు కొలత, లేదా దానికి కొంచెం ఎక్కువ. మిగిలిన నీరు ఆవిరై పోతుందన్న అంచనాతో పోసేది. ఆ ఆవిరి ఎంత పోతుందన్నది గిన్నె నోటి వెడల్పు మీద, మూత బిగువు మీద, పొయ్యి మీద ఉన్న సమయం మీద ఆధారపడుతుంది తప్ప బియ్యం గ్లాసుల సంఖ్యతో పాటు పెరగదు. అందుకే బియ్యం మీద నీళ్లు వేలి కణుపు లోతున నిలిచేలా పోయడమనే పద్ధతి ఇన్ని దేశాల్లో ఇన్ని తరాలుగా నిలిచింది: గింజల సందుల్లో నిండే నీరు బియ్యంతో పాటు పెరుగుతుంది, పైన నిలిచే నీరు మాత్రం కణుపు లోతు దాటదు. ఈ సంగతి ఎవరూ చెప్పకుండా, పెద్ద గిన్నెలో వండిన అనుభవం లేకుండా, పండుగ ఉదయాన ఒక కోడలి చేతిలోనో అల్లుడి చేతిలోనో ఆ పెద్ద గిన్నె పెట్టేసి, ముద్దయిన అన్నాన్ని చూసి నవ్వడం ఏ విధంగా న్యాయం?

పొయ్యి విషయం ఇంకా కఠినమైనది. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల సెల్సియస్ నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 314 కిలోజౌళ్ల వేడి కావాలి. రెండు కిలోవాట్ల పొయ్యి వేడి ఏమాత్రం వృథా కాకుండా నీటికే చేరుతుందనుకున్నా, అందుకు రెండున్నర నిమిషాలకు పైగా పడుతుంది. పది లీటర్లకైతే అదే పొయ్యి మీద 26 నిమిషాలు పడుతుంది, నిజానికి వృథా అయ్యే వేడిని కలుపుకుంటే అంతకన్నా ఎక్కువే. ఇంట్లో మనుషులు పెరిగినంత మాత్రాన పొయ్యి శక్తి పెరగదు. భోజనం ఆలస్యమవుతోందని హాల్లోంచి కేకలు వినిపిస్తున్నప్పుడు వండేవారు చేయగలిగినది ఒక్కటే, మంట పెంచడం. మంట పెంచితే చిక్కటి పదార్థం అడుగున మాడుతుంది, పైన పచ్చిగానే ఉంటుంది, ఎందుకంటే పలుచటి నీటిలో వేడి దానంతటదే పైకీ కిందికీ తిరిగినట్టు చిక్కటి పదార్థంలో తిరగదు. గరిటెతో తిప్పుతూనే ఉండాలి. ఆ తిప్పే చేతిని మధ్యలో ఎవరో పిల్లవాడికి మంచినీళ్లు ఇవ్వమనో, వచ్చిన చుట్టాలను పలకరించమనో పిలుస్తారు. తిరిగి వచ్చేసరికి అడుగంటుతుంది. ఆ మాడులో నాకు కనిపించే పెద్ద వాటా ఆ పిలుపుదే.

కేకుల గురించి, మాంసం గురించి కూడా ఇదే చెప్పవచ్చు. వస్తువు పరిమాణం పెరిగేకొద్దీ దాని ఉపరితలం, ఘనపరిమాణం ఒకే నిష్పత్తిలో పెరగవని గెలీలియో 1638లోనే వివరించాడు. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెట్టింపయితే ఉపరితలం నాలుగు రెట్లు, ఘనపరిమాణం ఎనిమిది రెట్లు అవుతాయి. వేడి లోపలికి వెళ్లేది ఉపరితలం గుండానే కాబట్టి మందం రెట్టింపయిన ముక్క నడిమికి వేడి చేరడానికి రెట్టింపు సమయం చాలదు, ఇంచుమించు నాలుగు రెట్లు పట్టవచ్చు. వంట పుస్తకంలో చిన్న కేకుకు రాసిన సమయాన్ని రెండింతలు చేసి, ఓవెన్ వేడిని కూడా కొంచెం పెంచినవారికి పైన బొగ్గు, లోపల జారుడు పిండి దక్కడం అందువల్లనే. వేపుళ్లు మెత్తబడటానికి కూడా కారణం తేలికగా చెప్పవచ్చు: మూకుడులో ఒకేసారి ఎక్కువ ముక్కలు వేస్తే వాటిలోని నీరు ఆవిరయ్యే క్రమంలో వేడినంతా లాగేసుకుంటుంది, ముక్కలు వేగడం మాని ఉడుకుతాయి. ముక్కకు బంగారు రంగును, కమ్మని వాసనను ఇచ్చే చర్యను ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయ్యార్ 1912లో వివరించాడు. అది చురుకుగా జరగాలంటే ముక్క ఉపరితలం దాదాపు 140 డిగ్రీలకు చేరాలి, తడి ఉన్నంతసేపూ అది 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. విడతలు విడతలుగా వేయించడానికి సమయం ఇవ్వనివారు కరకరలాడలేదని ఫిర్యాదు చేయకూడదు.

ఇక ఉప్పు. పండుగ వంటల కథల్లో ఉప్పు కథలే నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చుతాయి, ఎందుకంటే వాటిలో ప్రేమ కూడా కలిసి ఉంటుంది. మా బంధువుల ఇంట్లో ఒకసారి పెద్ద గిన్నెడు కూర పొయ్యి మీద ఉండగా అత్తయ్య వచ్చి ఉప్పు వేసి పక్క గదిలోకి వెళ్లారు. తర్వాత పిన్ని వచ్చి, వదిన ఒంటరిగా కష్టపడుతోందని జాలిపడి, తన వంతు సాయంగా ఉప్పు వేశారు. వదిన తాను అంతకుముందు వేయలేదని గుర్తు చేసుకొని మూడోసారి వేసింది. ముగ్గురూ సరైన కొలతే వేశారు. ఆ కూరను ఎవరూ నోట పెట్టలేకపోయారు, ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని పడీపడీ నవ్వారు, మిగతావారు పెరుగుతో సరిపెట్టుకున్నారు. ఆ రోజు నవ్వు ఎంతో బాగుంది. కానీ కొన్నేళ్లు గడిచేసరికి ఆ కథ మామయ్యల నోట పడి, వదిన ఉప్పు కూర వండిన కథగా మిగిలిపోయింది. మిగతా ఇద్దరి పేర్లూ రాలిపోయాయి. ఇంటికి కొత్తగా వచ్చిన మనిషి, అందరికన్నా చిన్నది, ఎదురు చెప్పలేనిది కనుక కథ మొత్తం ఆమె మీదికి జారింది. నా ఆవేదన అంతా ఈ జారడం గురించే.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఉప్పెక్కువైన పులుసులో బంగాళాదుంప వేస్తే అది ఉప్పును మాత్రమే లాగేస్తుందన్న నమ్మకం నిజం కాదు. దుంప ఆ ఉప్పునీటినే పీల్చుకుంటుంది, మిగిలిన పులుసు ఉప్పదనం అలాగే ఉంటుంది. నీళ్లో, ఉప్పు వేయని మరికొంత కూరో కలిపి పలుచన చేయడం తప్ప దారి లేదు. మాడిన గిన్నె విషయంలో మాత్రం ఆశ ఉంది: అడుగు గోకకుండా, గరిటె లోతుకు దించకుండా పైపైన ఉన్నదాన్ని వెంటనే వేరే గిన్నెలోకి తీస్తే చాలావరకు దక్కుతుంది. పెద్దవాళ్లు గాభరాలో అడుగంతా కలియబెట్టి మాడు వాసనను గిన్నె నిండా పంచుతారు. వండేవారికి ఆ వాసన ఆలస్యంగా తెలిసిందని కూడా ఆక్షేపిస్తారు. గంటలకొద్దీ అదే పొగలో, అవే మసాలాల మధ్య నిలబడిన ముక్కు ఆ వాసనలకు అలవాటుపడిపోతుందని, బయటి గాలిలోంచి అప్పుడే లోపలికి వచ్చిన వ్యక్తి ముందుగా పసిగట్టడం సహజమని వారు ఆలోచించరు. రుచి చూసే పని కూడా అందుకే, రోజంతా వంటింట్లో లేని వ్యక్తికి అప్పగించాలి.

అన్ని ప్రమాదాలనూ నవ్వులాటలో కలపకూడదని కూడా అంతే గట్టిగా చెప్పాలి. మరుగుతున్న నూనె అంటుకున్నప్పుడు ఎవరో నీళ్లు పోశారని, మంట కప్పుదాకా లేచిందని కొందరు సరదాగా చెబుతుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. నీరు నూనె కన్నా బరువైనది కాబట్టి అడుగుకు దిగి, క్షణంలో దాదాపు 1700 రెట్లు పెరిగి ఆవిరవుతూ మండే నూనెను గదంతా చిమ్ముతుంది. పొయ్యి ఆపి, మూత కప్పి, గిన్నెను కదపకుండా వదిలేయాలి. అలాగే పెద్ద గిన్నెలో మిగిలిన కూరను రాత్రంతా బయట ఉంచి మర్నాడు తినడం కూడా కథగా వినడానికి బాగుంటుంది కాని, 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఆహారంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, పెద్ద గిన్నె ఆ మధ్యస్థితిలో గంటల తరబడి ఉండిపోతుంది. మరిగించినా చావని బీజరూపంలో ఉండే క్లోస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ వంటి బ్యాక్టీరియా విందు భోజనాల తర్వాత వచ్చే కడుపు జబ్బులకు పేరుమోసినది. మిగిలినదాన్ని వెడల్పాటి చిన్న పాత్రల్లోకి సర్ది రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టడం తినేసి లేచినవారు చేయగల పని. దానికి వంట రానవసరం లేదు.

నవ్వే స్వేచ్ఛ తీసేస్తే పండుగకు కళ ఎక్కడిదని నన్ను అడిగినవారు ఉన్నారు. నవ్వు వద్దని నేను అనడం లేదు. వండినవారు చెప్పినప్పుడు ఆ కథ మరింత నవ్వు తెప్పిస్తుందని, పైగా మరింత నిజంగా ఉంటుందని అంటున్నాను. ఉప్పు కలిసిన తీపి వంటకం కథ మా కుటుంబంలో ఎంతోకాలం పిన్ని మతిమరుపు కథగా చెలామణి అయింది. ఒక పండుగనాడు పిల్లలు పిన్నినే కూర్చోబెట్టి చెప్పమన్నారు. అప్పుడు బయటపడిన సంగతి ఏమిటంటే, చుట్టాలు వస్తున్నారని ముందు రోజు రాత్రి బాబాయి ఉత్సాహంగా వంటింటి అరలన్నీ సర్ది, డబ్బాలన్నీ చూడటానికి ఒకేలా ఉండాలని ఉప్పునూ చక్కెరనూ ఒకే రకం కొత్త డబ్బాల్లోకి మార్చి, పేర్ల చీటీలు మర్నాడు అంటిద్దామని పడుకున్నారు. పిన్ని ఎప్పటిలాగే ఎడమ చేతివైపు డబ్బా తీసింది. ఆ వివరం విన్నాక పుట్టిన నవ్వు అంతకుముందు ఏ ఏడాదీ పుట్టలేదు, బాబాయి అందరికన్నా గట్టిగా నవ్వారు, పిన్ని ముఖంలో ఎన్నో ఏళ్ల భారం దిగడం నేను కళ్లారా చూశాను.

కాబట్టి వచ్చే పండుగకు వంటకాల జాబితా రాసేటప్పుడు పొయ్యిలు ఎన్ని, గిన్నెలు ఎంతెంతవి, నిలబడే మనుషులు ఎందరు అన్న లెక్కతోనే మొదలుపెట్టాలని నేను మా వాళ్లందరినీ అడుగుతున్నాను. ఎన్నడూ వండని కొత్త వంటకాన్ని పండుగనాడే ప్రయత్నించమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఒక పెద్ద గిన్నె బదులు రెండు మధ్యస్థమైన గిన్నెలు పెట్టుకోవాలి, ఉప్పు బాధ్యత ఒక్కరికే ఇచ్చి ఆ సంగతి అందరికీ చెప్పాలి, గరిటె తిప్పుతున్నవారిని ఎవరూ మరో పనికి పిలవకూడదు. వడ్డన మగవాళ్లు, పెద్ద పిల్లలు చేస్తే వండినవారు మొదటి పంక్తిలోనే కూర్చుంటారు, పాత కథల ప్రస్తావన వచ్చే సమయానికి వారూ అక్కడే ఉంటారు.