సవరణ: పెన్ స్టేట్ మీద మిషిగన్ పాస్‌ల లెక్క

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో మిషిగన్ యూనివర్సిటీ జట్టు 2023 సీజన్ (15 గెలుపులు, ఓటమి లేదు) గురించి రాసిన పోస్టులో, నవంబర్ 11న పెన్ స్టేట్ యూనివర్సిటీ మైదానంలో జరిగిన మ్యాచ్ సెకండాఫ్‌లో మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపే ఆటగాడు) జె.జె. మెకార్తీ బంతి ఒక్కసారి కూడా విసరలేదని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. ఒకసారి విసిరాడు. పెన్ స్టేట్ డిఫెన్స్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (బంతి అందుకోబోయే ఆటగాణ్ణి నియమవిరుద్ధంగా అడ్డుకోవడం) చేయడంతో ఫ్లాగ్ పడింది, అంటే రిఫరీలు పెనాల్టీ ఇచ్చారు. పెనాల్టీ తీసుకుంటే ఆ ప్లే ఆడనట్టే లెక్క. అందుకే మ్యాచ్ అధికారిక ప్లే-బై-ప్లే (ఒక్కో ప్లే వివరాల) పట్టికలో హాఫ్‌టైమ్ తర్వాత పాస్‌లు సున్నా. చివరిదాకా వరసపెట్టి 32 రన్ ప్లేలు (బంతి విసరకుండా పట్టుకుని పరిగెత్తేవి).

మ్యాచ్ మొత్తమ్మీద మెకార్తీ 8 విసిరితే 7 అందాయి, 60 గజాలు. రన్ మీద 46 సార్లకు 227 గజాలు, అందులో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) బ్లేక్ కోరమ్ ఒక్కడివే 145. 24-15తో గెలవడానికి అది చాలింది (హెడ్ కోచ్ జిమ్ హార్బా సస్పెన్షన్‌లో ఉన్నాడు, ఆ మ్యాచ్‌లో జట్టును నడిపింది అసిస్టెంట్ కోచ్ షెరోన్ మూర్).

ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) చూసే అలవాటున్నవాళ్లకు ఒక మాట: కాలేజీ లెక్కల్లో శాక్ (క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే అతన్ని పడగొట్టడం) కూడా రన్ ఖాతాలోకే పోతుంది. రన్ అని రాసి ఉన్నదల్లా కోచ్ పిలిచిన రన్ కాదు.