థాయిలాండ్ పరువు తీస్తున్న ఊరు

థాయిలాండ్ వెళ్లొచ్చానని ఒక తెలుగు మగాడు చెప్పగానే ఎదుటివాళ్లు ఒక కన్ను సగం మూసి, ‘ఒక్కడివేనా బాబూ?’ అనాలి. అతను సిగ్గుపడ్డట్టు నవ్వి మాట మార్చాలి. ఇది ఆచారం. టార్గెట్ కొట్టిన పురుగుమందుల డీలర్లకు కంపెనీలు ఇచ్చే బ్యాంకాక్ ట్రిప్పులు, ఇంట్లో ‘కాన్ఫరెన్స్’ అని చెప్పి వెళ్లే పట్టాయా ప్యాకేజీలు, తిరిగొచ్చాక ఫోన్లో కొన్ని ఫొటోలు తీసేసే ఆ పది నిమిషాల టెన్షన్, అన్నీ ఆ నవ్వు మీదే నిలబడి ఉన్నాయి. ఇంత కష్టపడి కట్టుకున్న వ్యవస్థకు బ్యాంకాక్‌కు దక్షిణాన సుమారు 280 కిలోమీటర్ల దూరంలో ఒక ముప్పు పొంచి ఉందని ప్రజలను హెచ్చరించడం నా బాధ్యత. ఆ ఊరి పేరు ప్రచువాప్ ఖిరి ఖాన్.

అదే పేరున్న రాష్ట్రానికి అది ముఖ్యపట్టణం. ఆ రాష్ట్రంలోనే ఉన్న హువా హిన్ అనే బీచ్ ఊరికి జనం విరగబడి పోతారు, ఇక్కడ మాత్రం ఎక్స్‌ప్రెస్ రైలు ఆగినా మనవాళ్లు దిగరు. దిగినవాళ్లకు జరిగేది ఏమిటంటే, స్టేషన్ నుంచి నడుచుకుంటూ పోతే సముద్రం వచ్చేస్తుంది. టాక్సీ బేరం లేదు, మోసపోవడం లేదు. మోసపోకుండా తిరిగొచ్చినవాడు మన ఊళ్లో నలుగురికీ చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? నీళ్లలోంచి లేచిన కొండలు, చీకటి పడ్డాక దూరంగా పచ్చ లైట్లు వేసుకుని స్క్విడ్ పట్టే పడవలు. వీటిని చూస్తూ ఒడ్డున కూర్చోవాలట. కూర్చోవడానికి పాస్‌పోర్టు దేనికి?

ఊరి పక్కనే ఖావో చొంగ్ క్రచొక్ అనే కొండ, దానికి 396 మెట్లు, పైన బౌద్ధాలయం, మెట్ల పొడవునా కోతులు. ఈ కోతుల మీద నాకు ఫిర్యాదు లేదు. చేతిలో కవరు కనబడితే లాక్కుంటాయి, కళ్లజోడు మీద కన్నేస్తాయి. తిరుమల మెట్లెక్కినవాళ్లకు ఇల్లు గుర్తొస్తుంది. అసలు సమస్య ఆవో మనావో అనే బీచ్ దగ్గరున్న లంగూర్లతో, అంటే కొండముచ్చులతో. కళ్ల చుట్టూ తెల్లటి వలయాలు, కళ్లజోడు పెట్టుకున్న రిటైర్డు హెడ్మాస్టర్లలాగా ఉంటాయి. పిల్లలు మాత్రం నారింజ రంగులో పుడతాయి. వేరుశనక్కాయ చాస్తే గింజుకోకుండా, గోకకుండా మెల్లగా అందుకుంటాయి. కోతి చేతిలో కూడా అవమానం జరగని యాత్ర యాత్రేనా?

పైగా ఈ ఆవో మనావో బీచ్ ఉన్నది థాయ్ వైమానిక దళం స్థావరం లోపల. మన దగ్గర అలాంటి చోట ప్రహరీ గోడ వైపు కాసేపు చూస్తూ నిలబడితే సెంట్రీ వచ్చి కులగోత్రాలు అడుగుతాడు. అక్కడ గేటు దగ్గర ఆగి చెప్పాల్సింది చెప్పి, రన్‌వేను అడ్డంగా దాటి, బీచ్‌కు పోతారు. అవును, రన్‌వేనే. విమానం వస్తుంటే ఆగుతారు, వెళ్లిపోయాక కదులుతారు, రైలు గేటు దగ్గర ఆగినంత తీరిగ్గా.

1941 డిసెంబరు 8 తెల్లవారుజామున జపాన్ సైన్యం థాయిలాండ్‌లో దిగిన చోట్లలో ఇదొకటి. స్థావరంలో ఉన్న కొద్దిమంది దాదాపు 33 గంటలు పోరాడారు. పైన బ్యాంకాక్‌లో ప్రభుత్వం అప్పటికే రాజీకి ఒప్పేసుకుంది, ఆపమన్న కబురు ఇక్కడికి చేరేసరికి ఆలస్యమైంది. ఆ కథ చెప్పే మ్యూజియం ఒకటి లోపల పెట్టారు. బీచ్‌కు వచ్చినవాడికి ప్రభుత్వాల గురించి ఇలాంటి విషయాలు తెలియడం మంచిది కాదు.

ఇంకా ఘోరం, ఆ బీచ్‌లో థాయ్ కుటుంబాలు చెట్ల నీడన కుర్చీలేసుకుని, వండిన చేపలు తెప్పించుకుని తింటూ, స్నానానికి టీషర్టూ నిక్కరూ వేసుకునే సముద్రంలో దిగుతాయి. అంటే చీర కుచ్చిళ్లు దోపుకుని అలల్లోకి దిగే మా అత్తయ్యను అక్కడ ఎవరూ వింతగా చూడరు. అర్థమవుతోందా ప్రమాదం? థాయిలాండ్‌కు అత్తగారిని తీసుకెళ్లొచ్చని ఒకసారి బయటపడితే, మళ్లీ ఒంటరిగా వెళ్లడానికి ఏ కాన్ఫరెన్సూ చాలదు.

ఊరికి దక్షిణంగా కొద్ది దూరం పోతే వా కో. దీన్ని గురించి వీలైనంత తక్కువ చెబుదామనుకున్నాను, కానీ దాచలేను. సియాం, అంటే అప్పటి థాయిలాండ్, రాజు మోంగ్‌కుట్‌కు ఖగోళశాస్త్రం పిచ్చి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఎక్కడ, ఎప్పుడు కనబడుతుందో తానే లెక్కగట్టి, అడవీ చిత్తడీ కలిసిన ఈ తీరంలో విడిది వేయించి, ఫ్రెంచి శాస్త్రవేత్తలనూ, సింగపూర్ నుంచి బ్రిటిష్ గవర్నరునూ పిలిపించాడు. ఆస్థాన జ్యోతిష్కులకు రాజుగారి లెక్కల మీద పెద్ద నమ్మకం లేదు. లెక్క తప్పలేదు. కానీ విడిదిలో దోమలు కుట్టి రాజుకు మలేరియా పట్టుకుంది, అక్టోబరు 1న కన్నుమూశాడు. ఆ రాజుకు ఇప్పుడు అక్కడ సైన్సు పార్కు కట్టారు, అక్వేరియం కూడా పెట్టారు. ఆగస్టు 18ని దేశమంతా సైన్సు దినంగా జరుపుకుంటారు. మన దగ్గర గ్రహణం రోజున ఆవకాయ జాడీలో దర్భ వేసి, టీవీలో ఏ రాశికి ఏమవుతుందో విని, పడుకుంటాం. మనవాళ్లెవరికీ దోమ కుట్టదు. ఏది క్షేమం?

అక్కడితో పోయినా బాగుండేది. అదే గ్రహణం నీడ, అదే రోజు, సియాం చేరడానికి ముందు మన గుంటూరు మీదుగా పోయింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి గుంటూరులో దుర్భిణి పెట్టుకుని కూర్చున్నాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని విడగొట్టి చూసి, ఇంత వెలుగుంటే గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని గ్రహించి, మర్నాడే చూసి చూపించాడు. బందరులో మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ మరో దుర్భిణితో ఉన్నాడు. హీలియం అనే మూలకాన్ని కనుక్కున్న కథకు నాంది ఆ రోజే. ఇవన్నీ తెలుసుకోవడానికి గుంటూరువాడు థాయిలాండ్‌లో ఒక సైన్సు పార్కు దాకా పోవాల్సి రావడం ఎంత నామోషీ! మిర్చి యార్డు మీద మన ఏకాగ్రతను చెడగొట్టే ఇలాంటి ప్రదేశాలను విమానయాన శాఖ గమనించాలి.

థాయిలాండ్ సన్నగా కుదించుకుపోయే చోటు కూడా ఈ దగ్గర్లోనే ఉంది. సముద్రానికీ బర్మా సరిహద్దుకూ మధ్య పదకొండు, పన్నెండు కిలోమీటర్లే. అనాసపండు తోటలు బోలెడు. సరే.

ఇక గుహ. ఉత్తరాన ఖావో సామ్ రోయ్ యోట్ నేషనల్ పార్కులో ఫ్రయా నఖోన్ అనే గుహ ఉంది. దాని దగ్గరికి వెళ్లాలంటే ముందు ఒక కొండను దాటాలి, లేదా పడవెక్కి అటుపక్క బీచ్‌లో దిగాలి. ఆ తర్వాత రాళ్ల మీదుగా 430 మీటర్ల ఎక్కుడు దారి. లోపల పైకప్పు కూలి ఆకాశం కనబడుతుంటుంది, నేల మీద చెట్లు మొలిచాయి, నడుమ ఒక చిన్న మంటపం. గ్రహణం విడిదిలో తండ్రితోపాటు జబ్బుపడి బతికి బయటపడ్డ పద్నాలుగేళ్ల కుర్రాడు చులాలాంగ్‌కార్న్ తర్వాత రాజై 1890లో ఇక్కడికి వచ్చాడు. ఆయన రాక కోసం కట్టిందే ఆ మంటపం. పొద్దున పదిన్నర ప్రాంతంలో పైనుంచి ఎండ సూటిగా దాని మీద పడుతుందని, చూడాల్సింది అప్పుడేనని చెబుతారు.

ఈ టైమింగ్ సంగతి మా ట్రావెల్ ఏజెంటుకు చెప్పాను. ప్యాకేజీలో కలపగలడేమోనని కాదు, జాగ్రత్తపడతాడని. అతను క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి నా వైపు జాలిగా చూశాడు.

‘పదిన్నరకు గుహలో ఉండాలంటే ఎన్నింటికి లేవాలి సార్? మన గ్రూపులు పడుకునేదే నాలుగింటికి.’