ఇంట గెలిచిన సర్వరు

కొత్తగా వెబ్ సర్వరు (అడిగినవాళ్ళకి వెబ్ పేజీలు అందించే ఏర్పాటు) ఎక్కించాక అది నడుస్తోందో లేదో చూసే దురలవాటు ఈ మధ్య కుర్ర ఇంజినీర్లలో ముదురుతోంది. దీన్ని మొదట్లోనే తుంచేయాలి. ఎక్కించినవాడికి సర్టిఫికెట్లున్నాయి, దసరాకి సర్వరుకి బొట్టు పెట్టాం, బిల్లు కూడా పాసైపోయింది. ఇంకా అనుమానం దేనికి?

చరిత్ర చూడండి. 1990 చివర్లో సెర్న్ అనే యూరప్ పరిశోధనా కేంద్రంలో, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్ సర్వరు నడిపింది నెక్స్ట్ అనే కంపెనీ కంప్యూటర్ మీద. ఇది సర్వరు, ఆపొద్దు అని ఎర్ర సిరాతో రాసిన చీటీ ఒకటి దానికి అంటించారు. అంతే. చీటీ ఉంటే సర్వరు ఉన్నట్టే. వెబ్ పుట్టినప్పటి పద్ధతిని కాదనడానికి మనమెవరం?

అయినా చూసి తీరాలంటే దానికో మర్యాద ఉంది. ఆ యంత్రం ముందే కూర్చుని, ఆ యంత్రంలోనే బ్రౌజరు తెరిచి, లోకల్‌హోస్ట్ (అంటే ఈ యంత్రమే) అని కొట్టాలి. సర్వరు సాఫ్ట్‌వేరు అపాచీ అయితే ‘ఇట్ వర్క్స్!’ అంటుంది. ఇంజిన్‌ఎక్స్ అయితే స్వాగతం పలుకుతుంది. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే బొటనవేళ్ళు టపటపా లేస్తాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలిచాం. రచ్చ సంగతి వచ్చే క్వార్టర్‌లో చూద్దాం.

తనతో తాను మాట్లాడుకోవడమేం గొప్ప అనకండి. నెట్‌లో యంత్రాలకి చిరునామాలిచ్చే పద్ధతి ఐపీవీ4లో ఉన్నవే సుమారు 429 కోట్ల చిరునామాలు. అవి చాలక ప్రపంచమంతా కటకటలాడుతుంటే, 127తో మొదలయ్యే 1,67,77,216 చిరునామాలను యంత్రాల సొంత కబుర్లకే కేటాయించి పెట్టారు. మనం మామూలుగా వాడేది అందులో 127.0.0.1 ఒక్కటే. మిగతాదంతా ఖాళీ జాగా. అంత జాగా ఊరికే ఇస్తారా? తనని తాను పలకరించుకోవడమే సర్వరుకి మొదటి ధర్మమని దీన్నిబట్టి తెలియట్లేదూ?

గిట్టనివాళ్ళు మాత్రం ఊరుకోరు. వాళ్ళ దగ్గర ‘ఎస్ఎస్’ అనే కమాండు ఒకటుంది. సర్వరు ఏ చిరునామా మీద చెవి ఒగ్గి కూర్చుందో అది చూపిస్తుంది. చివర ఉండే 80 పోర్టు, అంటే యంత్రానికున్న తలుపు నంబరు. 127.0.0.1:80 అని కనబడితే లోపలి నుంచి పిలిస్తేనే పలుకుతుందట. 0.0.0.0:80 అని ఉంటే ఎటునుంచి పిలిచినా వింటుందట. అక్కడితో ఆగుతారా? బయటివాళ్ళని అడ్డుకునే ఫైర్‌వాల్ చూశారా, క్లౌడ్‌లో అద్దెకి తీసుకున్న యంత్రం అయితే దాని కాపలా నియమాలుండే సెక్యూరిటీ గ్రూపులో 80, 443 పోర్టులు తెరిచారా అని ఆరా తీస్తారు. చివరికి ఆఫీసు వైఫై ఆపేసి, సొంత ఫోన్‌లో మొబైల్ డేటా మీద సైటు తెరుస్తారు. సొంత డబ్బు పెట్టి కంపెనీ పరువు తీసేవాళ్ళని నేను ఇక్కడే చూశాను.

సర్వరు క్షేమం అడిగే కమాండు సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అని కొడితే పచ్చటి అక్షరాల్లో ‘యాక్టివ్, రన్నింగ్’ అని వస్తుంది. నిండుగా, శుభసూచకంగా ఉంటుంది. అది చెప్పేది ప్రాసెస్ బతికి ఉందని మాత్రమే, పేజీలు ఇస్తోందని కాదు అని వీళ్ళ వాదన. బయోమెట్రిక్‌లో వేలు పెట్టి సీట్లో కూర్చున్న ఉద్యోగికి పూర్తి జీతం ఇస్తున్న దేశంలో సర్వరుకి మాత్రం వేరే న్యాయమా?

యంత్రాన్ని ‘ఉన్నావా’ అని పలకరించే పింగ్ అంటే మేనేజర్లకి ప్రాణం. పింగ్‌కి జవాబొస్తే యంత్రం ఉందని అర్థం. వెబ్ సర్వరు సంగతి, 80వ పోర్టు సంగతి దానికి తెలియవు. పైగా చాలా క్లౌడ్ యంత్రాల్లో పింగ్‌ని ఆపేసి ఉంచుతారు కాబట్టి, సైటు చక్కగా నడుస్తున్నా జవాబు రాదు. అప్పుడు సారు ‘సర్వర్ డౌన్’ అని అందరినీ సీసీలో పెట్టి మెయిల్ కొడతారు. సైటు నిజంగా పడిపోయిన రోజున పింగ్ బాగానే వస్తుంది. ఆ రోజు మెయిల్ ఉండదు. రెండూ కలిపి లెక్క వేస్తే సరిపోయినట్టే.

కొన్నిసార్లు పరీక్ష మనం పెట్టకుండానే సర్వరు పాసైపోతుంది. సైటు పేరు చెబితే చిరునామా చెప్పే డీఎన్ఎస్ ఇంకా పాత సర్వరునే చూపిస్తుంటే, అటకెక్కించాల్సిన ఆ ముసలి యంత్రమే వచ్చినవాళ్ళందరికీ జవాబు చెబుతుంటుంది, కొత్తదేమో శాలువా కప్పించుకుంటుంది. ఇంకో చమత్కారం బ్రౌజరు కాష్, అంటే చూసిన పేజీలని అది దాచుకునే చోటు. సర్వరుని ఆపేసినా, పాత పేజీని తీసి చూపించే దయ దానికుంది.

బయటి నుంచి చూస్తే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా ఉదాహరణ ఒకటుంది. 2006లో ఓక్లహోమా రాష్ట్రంలోని టటిల్ అనే చిన్న ఊళ్ళో సిటీ మేనేజరు తమ ఊరి వెబ్‌సైటు తెరిచారు. సెంట్‌ఓఎస్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చే మామూలు టెస్ట్ పేజీ కనబడింది. సర్వరు నడుస్తోంది, ఇక మీ పేజీలు పెట్టుకోండి అని చెప్పే పేజీ అది. ఆయన దాన్ని హ్యాకింగ్ అనుకుని, ఆ సాఫ్ట్‌వేరు ఉచితంగా ఇచ్చేవాళ్ళకే ఎఫ్‌బీఐకి చెబుతానని ఘాటుగా ఉత్తరాలు రాశారు. లోకమంతా నవ్వింది. నేను నవ్వను. తన ఊరి సైటుని తానే తెరిచి చూసుకున్న అధికారి ఆయన. అలాంటివాళ్ళు మన ఆఫీసుల్లో నలుగురు తయారైతే ఇంజినీర్ల గతేమిటి?

అందుకే మన నిపుణులు, అంతా బాగుందని సర్వరు చెప్పే 200 కోడ్‌ని నమ్ముకున్నారు. కర్ల్ అనే కమాండుతో పేజీని అడిగితే ‘200 ఓకే’ అని రావాలి, అంతే. లోపల పేజీలో డేటాబేస్ దొరకలేదని రాసి ఉన్నా, పైన 200 ఉన్నంతకాలం మానిటరింగ్ తెర మీద పచ్చ దీపమే వెలుగుతుంది. పేజీ చదివే పని మానిటరింగ్‌ది కాదు, సైటుకొచ్చినవాళ్ళది.

ఆ వచ్చినవాళ్ళు ఫోన్ చేస్తే ఏం చెప్పాలన్నది కూడా ముందే నిర్ణయించుకోవాలి. మొదట కాష్ క్లియర్ చేసుకోమనాలి. అప్పటికీ తెరుచుకోలేదంటే వేరే బ్రౌజరులో చూడమనాలి. ఆ తర్వాత మీ ఇంటర్నెట్‌లో ఏదో తేడా ఉంది సార్, రేపు ప్రయత్నించండి అనాలి. రేపటికి మనవాడు పోర్టు తెరవనైనా తెరుస్తాడు, లేదా దరఖాస్తుకి ఆఖరు తేదీ అయినా దాటిపోతుంది.